పీటర్ గత్రీ టేట్

పీటర్ గత్రీ టేట్ (ఏప్రిల్ 28, 1831 - జూలై 4, 1901) స్కాట్లాండుకు చెందిన సుప్రసిద్ధ భౌతిక శాస్త్రవేత్త, గణిత శాస్త్రవేత్త. ఎడింబరో విశ్వవిద్యాలయములో నాలుగు దశాబ్దాలకు పైగా ప్రకృతి తత్వశాస్త్ర (నేటి భౌతికశాస్త్రము) ఆచార్యుడుగా పనిచేశాడు. విలియం థామ్సన్ (లార్డ్ కెల్విన్)తో కలిసి వ్రాసిన భౌతికశాస్త్ర గ్రంథము వలన, చతుష్టయముల (క్వాటర్నియన్లు) మీద, ముడుల గణితము మీద చేసిన కృషి వలన ఈయన పేరు నిలిచిపోయింది. గోల్ఫ్ బంతి గాలిలో ప్రయాణించే తీరును ప్రయోగపూర్వకంగా కొలిచి, ఆ బంతి అంత దూరము పోవడానికి దాని వెనుక భ్రమణమే ముఖ్య కారణమని నిరూపించిన మొట్టమొదటి శాస్త్రవేత్త కూడా ఈయనే. నేటి గోల్ఫ్ బంతుల రూపకల్పనకు, బంతి గమనాన్ని కొలిచే రాడార్ పరికరాలకు ఆధారమైన ఆలోచనలు ఈయన పరిశోధనలలో కనిపిస్తాయి.

బాల్యము, విద్యాభ్యాసము

టేట్ ఎడింబరో నగరానికి సమీపంలోని డల్కీత్ అనే పట్టణములో జన్మించాడు. తండ్రి జాన్ టేట్ బక్లూ ప్రభువు వద్ద కార్యదర్శి. తల్లి మేరీ రొనాల్డ్‌సన్. ఆరేళ్ళ వయసులోనే తండ్రిని కోల్పోయిన టేట్ మేనమామ ఇంట పెరిగాడు. బ్యాంకు ఉద్యోగి అయిన ఆ మేనమామకు ఖగోళశాస్త్రము, భూగర్భశాస్త్రము, అప్పుడే కొత్తగా వచ్చిన ఛాయాగ్రహణము అంటే మక్కువ. మేనల్లునికి విజ్ఞానశాస్త్రము మీద ఆసక్తి కలగడానికి ఆ ఇంటి వాతావరణమే దోహదము చేసింది.

1841లో టేట్ ఎడింబరో అకాడమీలో చేరాడు. తరువాతి కాలంలో విద్యుదయస్కాంత సిద్ధాంతముతో జగత్ప్రసిద్ధుడైన జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ అదే పాఠశాలలో ఒక తరగతి పైన చదివేవాడు. ఇద్దరి స్నేహమూ 1879లో మాక్స్‌వెల్ మరణించే వరకు కొనసాగింది. టేట్ కొంతకాలము ఎడింబరో విశ్వవిద్యాలయములో చదివి, 1848లో కేంబ్రిడ్జిలోని పీటర్‌హౌస్ కళాశాలలో ప్రవేశించాడు. 1852లో గణిత పరీక్షలో ప్రథమ స్థానాన్ని (సీనియర్ రాంగ్లర్) సాధించాడు. ఆ ఏడాది ద్వితీయ స్థానములో నిలిచిన స్టీల్‌తో కలిసి కణ గతిశాస్త్రము మీద ఒక పాఠ్యగ్రంథాన్ని వ్రాయడానికి పూనుకున్నాడు. స్టీల్ అకాల మరణము పాలు కాగా, గ్రంథాన్ని తానే పూర్తి చేసి 1856లో ఇద్దరి పేర్లతో ప్రచురించాడు.

ఉద్యోగ జీవితము

1854లో టేట్ ఐర్లండులోని బెల్‌ఫాస్ట్ క్వీన్స్ కళాశాలలో గణిత ఆచార్యుడుగా నియమితుడయ్యాడు. అక్కడ రసాయన శాస్త్రవేత్త థామస్ ఆండ్రూస్‌తో కలిసి ఓజోను వాయువు మీద పరిశోధనలు చేశాడు. 1857లో మార్గరెట్ ఆర్చర్ పోర్టర్‌ను వివాహమాడాడు. ఈమె సోదరులలో ఒకడైన విలియం ఆర్చర్ పోర్టర్ దక్షిణ భారతదేశంలో కుంభకోణము ప్రభుత్వ కళాశాలకు ప్రధానాచార్యుడుగాను, మైసూరు మహారాజుకు శిక్షకుడుగాను పనిచేశాడు.

1860లో ఎడింబరో విశ్వవిద్యాలయములో ఆచార్య పదవి ఖాళీ అయినప్పుడు పోటీపడిన వారిలో మాక్స్‌వెల్ కూడా ఉన్నాడు. పాఠము చెప్పడంలో నేర్పు టేట్‌కే ఎక్కువని భావించి నిర్వాహకులు అతనినే ఎంపిక చేశారు. 1868 నుండి ఆయన విద్యార్థుల కొరకు భౌతికశాస్త్ర ప్రయోగశాలను నడిపాడు. పీటర్ పాన్ సృష్టికర్త అయిన రచయిత జె.ఎం.బారీ ఆయన శిష్యులలో ఒకడు. 1879 నుండి మరణించే వరకు ఎడింబరో రాయల్ సొసైటీకి ప్రధాన కార్యదర్శిగా వ్యవహరించాడు. లండను రాయల్ సొసైటీలో సభ్యుడు కాకపోయినా 1886లో ఆ సంస్థ వారి రాయల్ పతకాన్ని అందుకున్నాడు.

ముడుల పట్టికలు

1867లో థామ్సన్, టేట్‌ల ఉమ్మడి గ్రంథము వెలువడింది. శక్తి నిత్యత్వ నియమము పునాదిగా యంత్రశాస్త్రాన్నంతటినీ ఒకచోట కూర్చిన ఆ పుస్తకము ఒక తరము విద్యార్థులకు ప్రామాణిక గ్రంథమయ్యింది. అదే సంవత్సరము టేట్ తన తరగతిలో పొగ వలయాలను సృష్టించి థామ్సన్‌కు చూపాడు. అవి చూసిన థామ్సన్‌కు పరమాణువులు ఈథరులోని సుడి వలయాలేమోనన్న ఊహ కలిగింది. అదే నిజమైతే వేర్వేరు మూలకాలు వేర్వేరు ముడులు కావాలి. అందువలన టేట్ ముడులను వర్గీకరించి పట్టికలు తయారు చేశాడు. పరమాణువు గురించిన ఆ ఊహ వీగిపోయింది గాని, పట్టికలు మిగిలాయి. ఆయన సత్యమని భావించి నిరూపణ లేకుండా వదలిన ప్రతిపాదనలు దాదాపు వంద సంవత్సరాల తరువాత, 1980లలోను 1990ల ఆరంభంలోను నిరూపితమయ్యాయి.

గోల్ఫ్ బంతి సమస్య

స్కాట్లాండులోని సెయింట్ ఆండ్రూస్ గోల్ఫ్ ఆటకు పుట్టినిల్లు వంటిది. టేట్ 1860ల చివరి నుండి ప్రతి వేసవిలోను కుటుంబముతో అక్కడికి వెళ్ళి, రోజుకు పలుమార్లు మైదానమంతా చుట్టి ఆడేవాడు. ఆ రోజులలో గట్టాపర్చా అనే చెట్టు జిగురుతో చేసిన బంతులు వాడుకలో ఉండేవి. అంతకు ముందు తోలు సంచిలో పక్షి ఈకలు కూరి కుట్టిన బంతులు ఉండేవి. అవి ఖరీదైనవి, తడిస్తే పాడైపోయేవి. 1840లలో వచ్చిన గట్టాపర్చా బంతి చౌక కావడముతో ఆట సామాన్యులకు అందింది. అయితే కొత్త నున్నటి బంతి సరిగా ఎగిరేది కాదు. దెబ్బలు తిని గీతలు పడిన పాత బంతి దూరము పోయేది. ఇది గమనించిన తయారీదారులు సుత్తితో బంతి మీద ముందుగానే గాట్లు పెట్టసాగారు. ఎందుకలా జరుగుతుందో ఎవరికీ తెలియదు.

టేట్‌ను వేధించిన ప్రశ్న మరొకటి. మంచి ఆటగాడు కొట్టిన బంతి నేలకు కొద్దిపాటి కోణములోనే బయలుదేరుతుంది. అయినా ఆరు సెకనులకు పైగా గాలిలో నిలుస్తుంది. ఉదాహరణకు సెకనుకు 70 మీటర్ల వేగముతో, 11 డిగ్రీల కోణములో విసరిన వస్తువు గురుత్వాకర్షణకు మాత్రమే లోబడితే మూడు సెకనులలోపే నేలకు చేరాలి. గాలి నిరోధము చేర్చి చూసినా ఈ లెక్క కుదరదు. పైగా బంతి మార్గము మొదట్లో సరళరేఖలా సాగుతుంది, కొన్నిసార్లు పైకి వంగుతుంది కూడా. టేట్ మొదట భ్రమణాన్ని లెక్కలోకి తీసుకోకుండా సమస్యను సాధించబోయాడు. సమాధానము కళ్ళకు కనిపించే దానితో సరిపడలేదు. గురుత్వాకర్షణకు ఎదురుగా బంతిని పైకి ఎత్తే బలము ఏదో ఉండి తీరాలని ఆయన గ్రహించాడు.

తిరిగే బంతి పక్కకు వంగుతుందన్న సంగతి కొత్తది కాదు. టెన్నిస్ బంతి విషయంలో న్యూటన్ దీనిని గుర్తించాడు. 1742లో బెంజమిన్ రాబిన్స్ తుపాకి గుండ్ల విషయంలో చూపాడు. ఈ రాబిన్స్ తరువాత ఈస్టిండియా కంపెనీ కొలువులో భారతదేశానికి వచ్చి 1751లో కడలూరు సమీపంలోని సెయింట్ డేవిడ్ కోటలో మరణించాడు. 1850లలో జర్మనీకి చెందిన మాగ్నస్ దీనిని ప్రయోగశాలలో పరిశీలించినందున ఇది మాగ్నస్ ప్రభావముగా పేరుపొందింది. క్రికెట్‌లో స్పిన్ బంతి గాలిలోనే దారి మళ్ళడానికి కారణము ఇదే. బంతి నిలువు అక్షము చుట్టూ తిరిగితే పక్కకు మళ్ళుతుంది. అడ్డ అక్షము చుట్టూ వెనుకకు తిరిగితే పైకి లేస్తుంది. గోల్ఫ్‌లో పక్కకు మళ్ళడాన్ని అందరూ తప్పు దెబ్బగానే చూశారు. అదే బలము సరైన దెబ్బలో బంతిని మోస్తున్నదని టేట్ చెప్పాడు.

కొలతలు

ఊహతో తృప్తిపడక టేట్ ప్రతి రాశినీ కొలవడానికి పూనుకున్నాడు.

బంతి తొలి వేగము: విశ్వవిద్యాలయములో ఒక బరువైన లోలకాన్ని వ్రేలాడదీసి, ఆటగాని చేత బంతిని దానిలోనికి కొట్టించాడు. లోలకము ఎంత దూరము ఊగినదో చూచి ద్రవ్యవేగ నిత్యత్వ సూత్రముతో వేగాన్ని లెక్కించాడు. ఈ పద్ధతి రాబిన్స్ నుండి వచ్చినదే.

భ్రమణ వేగము: పొడవైన నాడాను మెలి లేకుండా పరచి, ఒక కొనను బంతికి, మరొక కొనను నేలకు బిగించాడు. కొద్ది దూరములోని బంకమట్టి దిబ్బలోనికి బంతిని కొట్టించి, నాడాకు పడిన మెలికలను లెక్కపెట్టాడు. బంతి సెకనుకు సుమారు 40 నుండి 120 సార్లు తిరుగుతున్నదని తేలింది. వివాదము దీనితో తీరిపోయింది. ప్రతి దెబ్బలోను నాడా మెలిపడుతూనే ఉన్నది.

తాకిడి కాలము: ఒక దిమ్మను ఎత్తు నుండి రబ్బరు, బెండు, గట్టాపర్చా వంటి పదార్థాల మీద పడవేసి, దాని కదలికను తిరిగే గాజు పలక మీద గీతగా నమోదు చేశాడు. దెబ్బ తగిలే కాలము అత్యల్పమని ఈ ప్రయోగాలు చూపాయి. గోల్ఫ్‌లో బంతి, కర్ర ఒకదానినొకటి తాకి ఉండేది సెకనులో సుమారు రెండు వేలవ వంతు మాత్రమేనని నేడు తెలుసు.

ఈ ఫలితాలను 1890 నుండి నేచర్ పత్రికలోను, 1893, 1896లలో ఎడింబరో రాయల్ సొసైటీ ప్రచురణలలోను వెల్లడించాడు. పైకెత్తే బలము బంతి వేగము, భ్రమణ వేగముల లబ్ధానికి అనుపాతంలో ఉంటుందని భావించి, చేతి లెక్కలతోనే బంతి మార్గాలను గీసి చూపాడు.

కుమారుడు ఫ్రెడ్డీ

టేట్ మూడవ కుమారుడు ఫ్రెడరిక్ గత్రీ టేట్ (1870-1900) ఆ కాలపు గొప్ప గోల్ఫ్ ఆటగాళ్ళలో ఒకడు. 1896, 1898 సంవత్సరాలలో బ్రిటిష్ అమెచ్యూర్ ఛాంపియన్‌గా నిలిచాడు. 1893 జనవరిలో సెయింట్ ఆండ్రూస్‌లో మంచుకు గట్టిపడిన నేల మీద ఇతడు కొట్టిన బంతి 341 గజాలు (సుమారు 312 మీటర్లు) పోయింది. బంతి ఇంతకంటే దూరము పోలేదని తండ్రి లెక్క కట్టగా, కొడుకు దానిని దాటించి తండ్రి సిద్ధాంతము తప్పని చూపాడని ఒక కథ వ్యాప్తిలోకి వచ్చింది. ఇది నిజము కాదు. భ్రమణము లేని బంతికి వర్తించే హద్దును అందరూ అన్ని బంతులకు వర్తింపజేశారు. పైగా ఆ 341 గజాలలో సుమారు 250 గజాలే గాలిలో గడిచినవి, మిగిలినది గడ్డకట్టిన నేల మీద దొర్లినది. భ్రమణమే బంతిని మోస్తున్నదని తండ్రి చెప్పినదానికి ఆ దెబ్బ ఒక నిదర్శనమే.

సైన్యములో అధికారి అయిన ఫ్రెడ్డీ బోయర్ యుద్ధములో పాల్గొని 1899 డిసెంబరులో గాయపడ్డాడు. కోలుకొని తిరిగి యుద్ధరంగానికి వెళ్ళి, ఫిబ్రవరి 7, 1900న దక్షిణాఫ్రికాలోని కూడూస్‌బర్గ్ వద్ద మరణించాడు. ఈ దుఃఖము నుండి టేట్ తేరుకోలేకపోయాడు. ఆరోగ్యము క్షీణించగా 1901లో పదవీ విరమణ చేసి, అదే సంవత్సరము జూలై 4న ఎడింబరోలో కన్నుమూశాడు.

అనంతర పరిణామాలు

టేట్ జీవిత చరమ దశలోనే గోల్ఫ్ బంతి మారిపోవడము మొదలయ్యింది. 1899లో అమెరికాకు చెందిన కోబర్న్ హాస్కెల్ రబ్బరు దారము చుట్టిన బంతికి పేటెంటు పొందాడు. ఇంగ్లాండుకు చెందిన విలియం టేలర్ 1905లో బంతి ఉపరితలము మీద గుండ్రని చిన్న గుంటలు ఉండే నమూనాకు పేటెంటు కోరాడు. నేటి బంతులన్నింటి మీద కనిపించేవి ఈ గుంటలే. సాధారణంగా ఇవి 300 నుండి 500 వరకు ఉంటాయి.

గాట్లు పడిన బంతి ఎందుకు బాగా ఎగురుతుందన్న ప్రశ్నకు సమాధానము 1904లో ప్రాంట్ల్ ప్రతిపాదించిన సరిహద్దు పొర సిద్ధాంతము నుండి లభించింది. నున్నటి బంతిని తాకిన గాలి త్వరగా విడిపోయి వెనుక పెద్ద సుడిని ఏర్పరచి బంతిని వెనుకకు లాగుతుంది. గుంటలు బంతిని అంటి ఉన్న పలుచని గాలి పొరను కలచివేయడం వలన ఆ పొర మరికొంత దూరము బంతిని అంటిపెట్టుకొని ఉంటుంది. వెనుక సుడి చిన్నదై, నిరోధము దాదాపు సగానికి తగ్గుతుంది.

కొలిచే సాధనాలు కూడా ఎంతో మారాయి. 2003లో డెన్మార్కులో స్థాపించిన ట్రాక్‌మాన్ సంస్థ వంటివి డాప్లర్ రాడార్ సహాయముతో బంతి వేగాన్ని, బయలుదేరే కోణాన్ని, భ్రమణాన్ని క్షణములో తెలుపుతాయి. వృత్తి ఆటగాళ్ళ పొడవాటి దెబ్బలో బంతి నిమిషానికి సుమారు 2,500 నుండి 3,000 సార్లు, అంటే సెకనుకు 40 నుండి 50 సార్లు తిరుగుతున్నట్లు ఇవి చూపుతున్నాయి. నాడా, బంకమట్టితో టేట్ కట్టిన లెక్క పరిధిలోనే ఈ సంఖ్య ఉన్నది.

విశేషాలు

* చీకటిలో ఆడడానికి టేట్ భాస్వరపు పూత పూసిన బంతులను ప్రయోగించి చూశాడు.
* ప్రస్తుత నిబంధనల ప్రకారము గోల్ఫ్ బంతి బరువు 45.93 గ్రాములు మించరాదు, వ్యాసము 42.67 మిల్లీమీటర్లకు తగ్గరాదు.
* ఎలక్ట్రానును కనుగొన్న జె.జె.థామ్సన్ కూడా 1910లో లండనులో గోల్ఫ్ బంతి గతిశాస్త్రము మీద ఉపన్యసించాడు.
* టేట్ శాస్త్రీయ వ్యాసాలు రెండు సంపుటాలుగా 1898, 1900 సంవత్సరాలలో వెలువడ్డాయి. ఆయన శిష్యుడు సి.జి.నాట్ వ్రాసిన జీవిత చరిత్ర 1911లో ప్రచురితమయ్యింది.
* ఇంటర్మీడియట్ విద్యార్థులు బెర్నూలీ సిద్ధాంతపు అనువర్తనముగా చదివే తిరిగే బంతి పాఠములోని మాగ్నస్ ప్రభావమే టేట్ గోల్ఫ్ పరిశోధనలకు ఆధారము.