అల్లాడి కృష్ణస్వామి అయ్యరు గారు

ఓట్లనాడు మన చింతపల్లి కొండ గూడెములనుండి చదువురాని అవ్వలు సైతము నడిచివచ్చి వ్రేలికి సిరా వేయించుకొందురు. ఆ హక్కును రాజ్యాంగములో వ్రాసిన ఏడుగురిలో ఒకరు సర్కారు వకీలు.

అయ్యరు గారు 1883లో నెల్లూరు జిల్లా పూదూరునందు పూజారి ఇంట జన్మించిరి. మద్రాసులో మిషనరీలు నడిపిన క్రైస్తవ కళాశాలలో చరిత్ర చదివి, పిమ్మట న్యాయశాస్త్రము నేర్చిరి. 1929 మొదలు 1944 వరకు మద్రాసు ప్రభుత్వమునకు అడ్వకేటు జనరలు, అనగా కోర్టులో ప్రభుత్వపక్షమున నిలుచు పెద్ద వకీలు. 1932లో దొరతనమువారు సర్ బిరుదమిచ్చిరి. ఆ యేండ్లలో దేశభక్తులనేకులు చెరసాలలలో నుండిరి. వీరు జైలుకు పోయినవారు కారు. ఆ మాట దాచనక్కరలేదు.

అయినను 1947 ఆగస్టు 29న రాజ్యాంగ రచనాసంఘము ఏర్పడినప్పుడు వీరిని అందులో చేర్చుకొనిరి. డాక్టరు అంబేద్కరు గారు అధ్యక్షులు. అంతకుమునుపు ఆస్తియో, పన్నో, చదువో గలవారికే ఓటు. చదువులేని కోట్లమందికి ఓటిచ్చుట ప్రమాదమని భయపడినవారుండిరి. అయ్యరు గారు 1949 నవంబరులో సభయందు, జనులలో అజ్ఞానమున్నదని ఒప్పుకొనుచునే, సామాన్యునియందు నిండు నమ్మికతో ఈ హక్కు ఇచ్చితిమని చెప్పిరి. ఒకరి పక్షమున వాదించుటకు జీతము పుచ్చుకొన్న వకీలు, ఓటే లేని జనుల పక్షమున అడుగకయే నిలిచెను! ఆ నెల 25న అంబేద్కరు గారు, సంఘములో తనకంటె సమర్థులున్నారని చెప్పుచు వీరి పేరే ఎత్తిరి.

1951–52లో మొదటి ఎన్నికలు జరిగినవి. పెట్టెలమీది గుర్తులు చూచి చదువురానివారును ఓటు వేసిరి. మరుసటి యేడు అక్టోబరు 3న అయ్యరు గారు కన్నుమూసిరి.