కల్లం కాచిన తల్లి

రాణి అనగానే మనకు గుర్రమూ, కత్తీ, వీపున కట్టుకున్న బిడ్డా గుర్తొస్తాయి. చిన్నప్పటి పాఠాల్లో చూసిన ఝాన్సీ లక్ష్మీబాయి బొమ్మ మనసులో అలా పడిపోయింది మరి! కానీ కోట లేకుండా, కత్తి పట్టకుండా ఒక రాజ్యాన్నే కదిలించిన తల్లులూ ఉన్నారు. మన పాలకుర్తి ఐలమ్మ అలాంటి తల్లి.

వరంగల్ జిల్లా రాయపర్తి దగ్గరి కృష్ణాపురం ఆమె పుట్టిన ఊరు. 1895 సెప్టెంబర్ 26ని పుట్టినరోజుగా లెక్కపెట్టి తెలంగాణ ప్రభుత్వం జయంతి జరుపుతోంది. చాకలి కులంలో పుట్టింది. ఇంకా ఆటలాడుకునే వయసులోనే పాలకుర్తి చిట్యాల నర్సింహకిచ్చి పెళ్ళి చేశారు. పాలకుర్తి అప్పుడు నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలో ఉండేది.

ఆ రోజుల్లో చాకలి ఇంటి కోడలంటే ఎంత చాకిరీయో మన అమ్మమ్మలు చెప్పగా విన్నదే. దొర గడిలో బట్టలు, పటేల్ పట్వారీల ఇళ్ళల్లో బట్టలు, ఊరికి అధికారి వస్తే ఆయన బట్టలు. పైసా ముట్టదు. దాని పేరే వెట్టి. పైన నిజాం నవాబు, ఆయనకు అండగా హైదరాబాద్ కోఠీలో బ్రిటిష్ రెసిడెంటు, కింద ఊళ్ళల్లో దొరలు. ఆ చుట్టుపక్కల 60 ఊళ్ళ మీద పెత్తనం విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డిది. ఆయన కింద 40 వేల ఎకరాలుండేవి. ఆ గడి ముందు నుంచి తలెత్తుకుని నడవడానికే జనం జంకేవాళ్ళు.

అలాంటి చోట ఐలమ్మ చేసిన మొదటి సాహసం ఏమిటో తెలుసా? జెండా పట్టడం కాదు, వ్యవసాయం చేయాలనుకోవడం! మల్లంపల్లి భూస్వామి కొండలరావు దగ్గర 40 ఎకరాలు కౌలుకు తీసుకుంది. అందులో నాలుగెకరాలు సాగులోకి తెచ్చింది. బట్టలుతికే ఇంట్లో వడ్లు పండితే చూసే కళ్ళకు ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. వాళ్ళు వచ్చి తన పొలంలో పనిచేయాలని ఊరి పట్వారీ శేషగిరిరావు పట్టుబట్టాడు. ఐలమ్మ రానంది. పగ అక్కడ మొదలైంది.

అప్పటికే ఊళ్ళల్లోకి ఆంధ్ర మహాసభ వచ్చింది. జనం దాన్ని సంఘం అనేవాళ్ళు. 1944లో భువనగిరి సభలో రావి నారాయణరెడ్డి అధ్యక్షుడయ్యాక అది పూర్తిగా రైతుకూలీల సంఘమే అయింది. ఐలమ్మ ఇల్లు దానికి ఆశ్రయం. సంఘం వాళ్ళతో పాటు ఆమె ఇంటివాళ్ళను కూడా కేసులో ఇరికించారు. ఆ కేసు కోర్టులో నిలవలేదు. ఇక మిగిలింది పంట. తిండి గింజలు లాక్కుంటే ఆమే కాళ్ళ దగ్గరికి వస్తుందని దొర లెక్క. ఆ భూమి తనదేనని కాగితాలు పుట్టించి, కోతకు వందమంది దాకా మనుషుల్ని పంపించాడు.

ఆ పొద్దు ఐలమ్మ వెంట నిలబడ్డది సంఘం కార్యకర్తలు. భీమిరెడ్డి నరసింహారెడ్డి, చకిలం యాదగిరిరావు, నల్లా నర్సింహులు లాంటి నాయకులు దగ్గరుండి నడిపారు. చేతుల్లో కర్రలు తప్ప ఏమీ లేవు. దొర పంపిన మనుషులు వెనక్కి తిరిగారు. వరి కోసి, కల్లంలో కొట్టి, వడ్లు ఐలమ్మ ఇంటికి చేర్చారు. ఆ వడ్లు ఎన్ని పుట్లయితేనేం, విసునూరు గడి మాట చెల్లకపోవడాన్ని జనం కళ్ళారా చూశారు. అదీ అసలు గెలుపు!

ఈ గెలుపు ఉత్తపుణ్యానికి రాలేదు. నాయకులను అరెస్టు చేశారు. ఐలమ్మ ఇంటికి నిప్పు పెట్టారు. ధాన్యం ఎత్తుకుపోయారు. కన్నకూతురి మీద అఘాయిత్యం చేశారు. ఒక తల్లిని లొంగదీయడానికి ఇంతకన్నా పెద్ద దెబ్బ ఏముంటుంది? అయినా ఆమె ఊరు విడిచిపోలేదు, భూమి విడవలేదు. తర్వాత పట్వారీ ఇంటిని కూల్చి, ఆ స్థలంలోనే మక్కజొన్న వేశారట ఐలమ్మ వాళ్ళు. కోపం తీర్చుకోవడంలో కూడా పంట పండించడమే! నాకు చాలా ఇష్టమైన ముచ్చట ఇది.

1946 జూలై 4న కడవెండిలో దొర మనుషుల తుపాకులకు దొడ్డి కొమురయ్య బలయ్యాడు. అక్కడి నుంచి ఉద్యమం సాయుధ పోరాటంగా మారి 1951 దాకా సాగింది. మా అమ్రాబాద్ వైపు నల్లమల అడవుల్లోకి కూడా దళాలు వచ్చాయి. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. 1950లో కౌలుదార్లకు రక్షణనిచ్చే చట్టం వచ్చింది. ఆ చట్టం వెనుక పాలకుర్తి కల్లం కూడా ఉందని మనం మరిచిపోకూడదు.

కథలు రాసే అలవాటు వల్లనేమో, ఐలమ్మ గురించి చదివినప్పుడల్లా నాకు ఎక్కడో ఆఫ్రికాలోని మరో తల్లి గుర్తొస్తుంది. ఇప్పటి ఘనా దేశంలో అశాంతి అనే రాజ్యం ఉండేది. వాళ్ళ జాతి ప్రాణమంతా ఒక బంగారు పీటలో ఉందని నమ్మకం. దాని మీద రాజు కూడా కూర్చోడు. 1900 మార్చిలో ఇంగ్లీషు గవర్నర్ వచ్చి ఆ పీట తెచ్చి తనకిమ్మన్నాడు. రాజును అప్పటికే దేశం దాటించేశారు. మిగిలిన పెద్దలు వెనకాముందూ ఆడుతుంటే ఎజిసు రాజమాత యా అసంతెవా లేచి నిలబడింది. అప్పటికి అరవై ఏళ్ళ వయసంటారు. ఆమె నాయకత్వంలో జనం కుమాసి కోటను చుట్టుముట్టారు. చివరికి పట్టుబడి, సీషెల్స్ దీవుల్లో ప్రవాసంలోనే 1921లో కన్నుమూసింది. పీట మాత్రం ఇంగ్లీషు వాళ్ళకు దొరకలేదు. ఆమె రాజమాత, ఈమె చాకలి ఇంటి ఇల్లాలు. ఆమెది బంగారు పీట, ఈమెది నాలుగెకరాల మడి. అయినా ఇద్దరూ అన్నది ఒకటే కదా, మాది మీకివ్వమని!

ఐలమ్మ 1985 సెప్టెంబర్ 10న పోయింది. మరుసటి ఏడాది స్త్రీశక్తి సంఘటన వాళ్ళు తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' పుస్తకంలో ఆమె తన కథ తానే చెప్పుకుంది. ఇంకో సంగతి వింటే ఆశ్చర్యపోతారు. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు కొడుకుతో సమానంగా వాటా ఇచ్చిన ఆంధ్రప్రదేశ్ చట్టం 1986లో వచ్చినా, అమలు మాత్రం 1985 సెప్టెంబర్ 5 నుంచి. అంటే ఐలమ్మ కన్నుమూయడానికి అయిదు రోజుల ముందు నుంచి! దేశమంతటికీ ఆ హక్కు రావడానికి 2005 దాకా పట్టింది.

బ్రిటిష్ రెసిడెంటు కూర్చున్న కోఠీ భవనమే 1949 నుంచి మన ఆడపిల్లల కాలేజీ అయింది. 2022లో అది మహిళా విశ్వవిద్యాలయమైంది. 2024లో దానికి ఐలమ్మ పేరు పెట్టారు. నవాబులను ఆడించిన ఆ మేడ మెట్ల మీద ఇప్పుడు పల్లెటూరి పిల్లలు పుస్తకాలు పట్టుకుని కూర్చుంటున్నారు. గడి ముందు తలవంచని తల్లికి ఇంతకంటే మంచి గుడి ఎక్కడ దొరుకుతుంది చెప్పండి?

పేరు పెట్టుకున్నంత మాత్రాన అయిపోయిందా? మా వైపు పత్తి ఏరేదీ, కలుపు తీసేదీ, వేరుశనగ కాయ కొట్టేదీ ఎక్కువగా ఆడవాళ్ళే. పట్టాదారు పాసుపుస్తకం మీద మాత్రం చాలా ఇళ్ళల్లో మగవాళ్ళ పేరే కనిపిస్తుంది. పుట్టింటి వాటా అడిగితే అన్నదమ్ములు దూరమవుతారన్న భయంతో నోరు మెదపని అక్కచెల్లెళ్ళు ఎందరో. కౌలు రైతుల సంగతి మరీ కష్టం. 2018లో వచ్చిన రైతుబంధు పాసుపుస్తకం ఉన్నవాళ్ళకే అందింది, కౌలుకు చేసేవాళ్ళకు అందలేదు. ఆ లెక్కన ఐలమ్మ ఇప్పుడు నాలుగెకరాలు కౌలుకు చేసి ఉంటే ఆమెకూ దక్కేది కాదన్నమాట!

అన్నదమ్ములతో కొట్లాడమని నేననను. కానీ మన వాటా ఏమిటో, కాగితంలో ఎవరి పేరుందో తెలుసుకోవడంలో తప్పేముంది? ఈ వారం పని తెమిలాక ఇంట్లో ఉన్న పాసుపుస్తకం ఒకసారి బయటకు తీసి చూడండి. మీ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని, ఐలమ్మ కథ చెబుతూ చూడండి.