82 కంపెనీలకు రాశాడు.. ఒక్క ఉద్యోగమూ రాలేదు!

ఇస్మాయిల్‌ఖాన్‌పేట నుంచి సంగారెడ్డికి వచ్చి, జిరాక్స్ సెంటర్‌లో రెజ్యూమె ప్రింట్ తీయించుకుని, అటు నుంచి అటే పటాన్‌చెరు కంపెనీల గేట్ల దగ్గరికి వెళ్లేవాళ్లలో మీరూ ఒకరై ఉండొచ్చు. లేజర్ ప్రింటర్‌లోంచి వచ్చిన కాగితం చేతికి వెచ్చగా తగులుతుంది కదా. ఆ కాగితం వెనక మీలాగే ఉద్యోగం కోసం తిరిగిన ఒక గ్రాడ్యుయేట్ ఉన్నాడు. పేరు చెస్టర్ కార్ల్‌సన్.

1906 ఫిబ్రవరి 8న అమెరికాలోని సియాటెల్‌లో పుట్టాడు. బార్బర్‌గా పనిచేసే తండ్రి క్షయ, కీళ్లవాతంతో మంచాన పడ్డాడు. దాంతో ఇంటి ఖర్చు పిల్లాడి మీద పడింది. బడికి ముందూ పనే, బడి అయ్యాకా పనే. హైస్కూల్లో ఉండగా ఓ ముద్రాపకుడి దగ్గర పనిచేసి, పాత చిన్న ప్రెస్సు సంపాదించి, కెమిస్ట్రీ మీద సొంత పత్రిక మొదలుపెట్టాడు. ఒక్కో అక్షరం పేర్చి అచ్చువేయడం ఎంత చాకిరో అప్పుడే తెలిసొచ్చింది. 17 ఏళ్ల వయసులో తల్లి పోయింది. కొన్నాళ్లు పని, కొన్నాళ్లు చదువుగా లాక్కొచ్చి, 1930లో కాల్‌టెక్ నుంచి ఫిజిక్స్ డిగ్రీతో, దాంతోపాటు అప్పుతో బయటపడ్డాడు.

అప్పుడు మహా మాంద్యం. 82 కంపెనీలకు దరఖాస్తు పెడితే ఒక్కటీ ఉద్యోగం ఇవ్వలేదు. (పోర్టల్‌లో ఒక్క క్లిక్‌తో పోయే పని కాదు, ఉత్తరాలు రాయాలి.) చివరికి న్యూయార్క్‌లో బెల్ ల్యాబ్స్ వారానికి 35 డాలర్ల జీతానికి తీసుకుంది. అక్కడి పని విసుగేసి పేటెంట్ విభాగానికి మారాడు. 1933లో అదీ ఊడింది. కొన్నాళ్లకు మల్లొరీ అనే ఎలక్ట్రానిక్స్ కంపెనీలో చేరితే, మళ్లీ పేటెంట్ల పనే. కోర్ జాబ్ కాదని మనం పెదవి విరిచే సీటు అది. నన్నడిగితే కథ మలుపు తిరిగింది సరిగ్గా ఆ సీట్లోనే.

పేటెంట్ పత్రాలకు ఎన్ని నకళ్లున్నా చాలవు. మళ్లీ టైపు కొట్టించాలి, లేదంటే ఫొటో తీయించాలి. మొదటిది ఆలస్యం, రెండోది ఖరీదు. పైగా సాయంత్రం లా క్లాసులు. పుస్తకాలు కొనలేక లైబ్రరీలో కూర్చుని చేత్తో రాసుకునేవాడు. తండ్రిని పీడించిన కీళ్లవాతం తనకూ వచ్చింది, వెన్ను నొప్పి. మీట నొక్కగానే నకలు రావాలన్న పట్టుదల అక్కడ పుట్టింది. హంగరీ శాస్త్రవేత్త పాల్ సెలెన్యీ పరిశోధనలు చదివాక, స్థిర విద్యుత్‌తో బొమ్మ పట్టొచ్చని దారి దొరికింది.

ల్యాబ్ అంటే మొదట ఇంట్లో వంటగదే. గంధకం కంపుతో ఇల్లు నిండిపోయేది. తర్వాత ఆస్టోరియాలో ఓ బార్ పైనున్న గదికి మారి, ఆస్ట్రియా నుంచి వచ్చిన ఓటో కోర్నీని సాయానికి పెట్టుకున్నాడు. 1938 అక్టోబర్ 22న గంధకం పూసిన జింకు రేకును చేతిరుమాలుతో రుద్ది చార్జి ఎక్కించారు. తేదీ, ఊరిపేరు రాసిన గాజు ముక్కను దానిపై పెట్టి దీపం వెలుగు చూపించారు. కాంతి పడిన చోట చార్జి పోయింది, అక్షరాల కింద మిగిలింది. సన్నటి పొడి చల్లి ఊదితే అక్షరాలు తేలాయి. మైనం కాగితం అద్ది వేడి చేస్తే అవి దానిపై నిలిచాయి.

మీరు చూసే లేజర్ ప్రింటర్‌దీ ఇదే వరుస. రేకు బదులు డ్రమ్, దీపం బదులు లేజర్, పొడి బదులు టోనర్. ఒక్క తేడా ఏంటంటే, చాలా లేజర్ ప్రింటర్లలో టోనర్ అంటుకునేది కాంతి పడిన చోటే. టోనర్‌ను కరిగించి కాగితానికి పట్టించే భాగం ఫ్యూజర్. కాగితం వెచ్చగా రావడానికి కారణం అదే. ఇంక్‌జెట్‌లో ద్రవరూప సిరా చుక్కలుగా పడుతుంది. ఫొటోలకు బాగుంటుంది, కానీ నెలల తరబడి వాడకపోతే నాజిల్స్ ఎండిపోతాయి. టోనర్ పొడి కాబట్టి ఎండదు. రోజూ కట్టలకొద్దీ తీసే ఆఫీసులు లేజర్‌ను ఎంచుకునేది వేగం కోసం, పేజీ ఖర్చు కోసం. మూడు కాపీల చలాన్లకు మాత్రం డాట్ మ్యాట్రిక్స్ కావాలి. సూది దెబ్బ పడితేనే కార్బన్ కింది కాగితానికి దిగుతుంది. సపోర్ట్ ఇంజినీర్ ఇంటర్వ్యూకి వెళ్తుంటే ఈ తేడాలు చూసుకుని వెళ్లండి.

బొమ్మ వచ్చినా కొనేవాడు రాలేదు. ఐబీఎం, జీఈ సహా ఇరవైకి పైగా కంపెనీలు వద్దన్నాయి. రాబోయే ఆదాయంలో పదో వంతు ఇస్తానన్న ఒప్పందాన్ని కోర్నీ కూడా వదులుకుని వేరే ఉద్యోగానికి వెళ్లిపోయాడు. 1942లో పేటెంట్ వచ్చింది. 1944లో బాటెల్ పరిశోధన సంస్థ చేయి అందించింది. ఆ తర్వాత హాలాయిడ్ అనే చిన్న ఫొటో కాగితాల కంపెనీ లైసెన్సు తీసుకుంది. అదే తర్వాత జిరాక్స్ అయింది. 1959లో వచ్చిన జిరాక్స్ 914తో ఆఫీసుల తీరే మారిపోయింది. వంటగది ప్రయోగం నుంచి అక్కడికి ఇరవై ఏళ్లు దాటింది.

కోటీశ్వరుడయ్యాక కార్ల్‌సన్ సుమారు పది కోట్ల డాలర్లు దానం చేశాడు, చాలావరకు పేరు బయటపడకుండా. వదిలి వెళ్లిన కోర్నీకి వంద జిరాక్స్ షేర్లు పంపాడు. 1968 సెప్టెంబర్ 19న న్యూయార్క్‌లో సినిమా చూస్తూ, హాల్లో సీట్లో కూర్చునే కన్నుమూశాడు.