గుమాస్తా వ్రాసిన పిశాచకథ

1879వ సంవత్సరమున ఐర్లండులోని చిన్న న్యాయస్థానముల గుమాస్తాల విధులను వివరించు గ్రంథమొకటి వెలువడెను. కచేరీ బల్లపై నుండుటకే తప్ప చదివి ఆనందించుటకు పనికివచ్చు పుస్తకము కాదది. దానిని రచించిన బ్రామ్ స్టోకరే పదునెనిమిదేండ్ల పిదప 'డ్రాక్యులా' నవలను ప్రకటించెను. ఈ రెంటికిని పొత్తేమని పాఠకులకు తోచవచ్చును. కాని మొదటి పుస్తకము వ్రాసిన చేతి అలవాటే రెండవదానిలోని పిశాచమును నమ్మదగినదిగా చేసినది.

స్టోకరు 1847 నవంబరు 8వ తేదీన డబ్లిన్ సమీపమునందలి క్లాంటార్ఫులో జన్మించెను. ఏడేండ్ల ప్రాయము వచ్చువరకు మంచము విడిచి నడచి యెరుగడు. తల్లి షార్లెట్ ప్రక్కన కూర్చుండి కథలు చెప్పుచుండెడిది. వానిలో మిక్కిలి ఘోరమైనది కల్పన కాదు. 1832లో స్లైగో పట్టణమున కలరా చెలరేగినప్పుడు ఆమె పదునాలుగేండ్ల బాలిక. ఊరు ఊరంతయు పారిపోవుట, కొనయూపిరితో నున్నవారిని సైతము శవములతోపాటు పూడ్చిరన్న మాటలు, ఇవన్నియు ఆమె కన్నవియు విన్నవియు. పెద్దవాడైన పిదప స్టోకరు ఆ వృత్తాంతమును తల్లిచేత వ్రాయించి పుచ్చుకొనెను. విని భయపడి ఊరకుండక, దానిని కాగితమునకు ఎక్కించుకొనుట గమనింపదగినది.

మంచము పట్టిన ఆ బాలుడే ట్రినిటీ కళాశాలలో వ్యాయామక్రీడలందు మేటి యనిపించుకొనెను. తండ్రివలెనే డబ్లిన్ కోటలో ప్రభుత్వోద్యోగమున చేరి, జీతము లేకయే ఒక సాయంకాల పత్రికకు నాటక విమర్శలు వ్రాసెను. 1876లో హెన్రీ అర్వింగ్ హామ్లెట్ పాత్రపై వ్రాసిన విమర్శ ఆ మహానటునితో స్నేహము కలిపినది. 1878లో ఫ్లారెన్సును వివాహమాడి, లండనులో అర్వింగ్ నడుపు లైసియం నాటకశాలకు వ్యవహారకర్తగా వెడలెను. జమాఖర్చులు, ఉత్తరములు, బృందముతో రైలు ప్రయాణములు, వీనితోనే ఇరువదియేడేండ్లు గడచినవి. ఇంతటి శ్రమలో నవలలు వ్రాయు తీరిక ఎట్లు దొరకెనో ఆశ్చర్యమే.

నాటకశాల పరిచయములలో రిచర్డ్ బర్టన్ ఒకడు. మన బేతాళ కథలను 1870లో ఇంగ్లీషువారికి అందించిన యాత్రికుడితడే. విక్రమార్కుని కథలో శవము మాటలాడును; అది ఎట్లు సాధ్యమని వినువారు ప్రశ్నింపరు, కథ సాగనిత్తురు. స్టోకరు పాఠకులు అట్టివారు కారు. వారు తంతివార్తలు, వార్తాపత్రికలు, రైలు వేళల పట్టికలు నమ్మినవారు. వారికి సాక్ష్యము కావలెను.

ఆ సాక్ష్యమునే స్టోకరు ప్రోగుచేసెను. 1890 వేసవిలో ఇంగ్లండు తూర్పుతీరమందలి విట్బీ పట్టణమునకు విశ్రాంతికై పోయి, అచ్చటి గ్రంథాలయమున విల్కిన్సన్ అనునతడు వలాకియా, మోల్డేవియా దేశములపై వ్రాసిన పుస్తకమును చూచెను. డ్రాక్యులా యను పేరు అందు దొరకినది. శ్మశానమున సమాధులపై పేర్లు వ్రాసికొనెను. తీరరక్షకుని అడిగి, 1885లో 'దిమిత్రి' యను రష్యా ఓడ అచ్చట ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన సంగతి తెలిసికొనెను. ఆ ఓడ నార్వా రేవునుండి వచ్చినది. నవలలోని 'డిమీటర్' ఓడ వార్నానుండి వచ్చును. అక్షరములు తారుమారైనవి, అంతే. ఇక ట్రాన్సిల్వేనియా నాతడు ఏనాడును చూడలేదు. పుస్తకములు ముందుంచుకొని ఆ కొండదారులను వర్ణించెను.

1897 మే నెలలో వెలువడిన నవలలో కథకుడే లేడు. దినచర్యలు, ఉత్తరములు, తంతులు, ఓడ చిట్టా, పత్రికా ఖండములు మాత్రమే కలవు. జోనథన్ హార్కర్ అను యువ న్యాయవాది పిశాచమును గూర్చి ముందుగా వ్రాయడు. రైలు గంట ఆలస్యమయినదని వ్రాయును. మిరపపొడి వేసిన కోడికూర తిని దాహమయినదనియు, దాని పాకవిధానము మీనాకొరకు అడిగి తెలిసికొనవలెననియు వ్రాయును. కోడికూరను గూర్చి నిజము చెప్పినవాడు కోటగోడపై బల్లివలె ప్రాకిన మనుష్యుని గూర్చి మాత్రము అబద్ధమేల చెప్పును? చదువరి అప్పటికే చిక్కువడును. డాక్టర్ సీవర్డు ఫోనోగ్రాఫుపై పలికిన మాటలను మీనా టైపురైటరుపై ప్రతులెత్తును. డ్రాక్యులాకు మాత్రము తన దినచర్య లేదు. ఆతడు ఎల్లప్పుడు ఇతరుల కాగితములలోనే కానవచ్చును. పిశాచమును నేరుగా చూపకపోవుటయే భయమునకు మూలము.

ఉత్తరార్ధమున వేట కొంత సాగదీసినట్లుండును. వాన్ హెల్సింగు ఉపన్యాసములు విసుగు పుట్టించును. అయినను ముగింపులో స్టోకరు మరల మెలకువ చూపెను. అసలు పత్రములు దాదాపు మిగులలేదనియు, ఉన్నవి టైపు ప్రతులే యనియు, వీనిని రుజువుగా స్వీకరింపుడని ఎవరినీ అడుగలేమనియు పాత్రలే ఒప్పుకొనును. తన సాక్ష్యములోని లోపమును తానే బయటపెట్టు సాక్షిని న్యాయస్థానము ఎంత గౌరవించునో ఆ గుమాస్తాకు తెలియును.

1905లో అర్వింగ్ మరణించెను. అటుపిమ్మట స్టోకరుకు ఆరోగ్యమును ధనమును క్షీణించినవి. 1912 ఏప్రిల్ 20వ తేదీన లండనులో కన్నుమూసెను. టైటానిక్ మునిగి ఐదు దినములే అయినది. పత్రికలు ఆ వార్తతో నిండియుండెను. ఆతనిని స్మరించినవారును ముఖ్యముగా అర్వింగ్ మిత్రుడనియే స్మరించిరి. మరుసటి ఏట ఫ్లారెన్సు ఆతని కాగితములను వేలమునకు పెట్టినది. నవలకై వ్రాసికొన్న ఆ టిప్పణములు నేడు అమెరికాలో ఫిలడెల్ఫియా నగరపు రోజెన్‌బాక్ ప్రదర్శనశాలలో నున్నవి. రైలు వేళలు, విట్బీ సమాధుల పేర్లు, దిమిత్రి ఓడ వివరము, తలకు దెబ్బ తగిలినవానికి చేయు చికిత్సను గూర్చి శస్త్రవైద్యుడైన అన్న థార్న్‌లీ తెలిపిన సంగతులు, అన్నియు వానిలో కలవు.