మెదడు వైద్యానికి బాట వేసిన డాక్టర్ జేకబ్ చాందీ



మన బళ్ళారి, సిరుగుప్ప ప్రాంతాల్లో ఎవరికైనా తలలో గడ్డ అనో, మూర్ఛ తగ్గలేదనో తెలిస్తే పెద్దల నోట వచ్చే మొదటి మాట వేలూరు. గుంతకల్లు మీదుగా వెళ్ళి కాట్పాడిలో రైలు దిగిన కుటుంబాలు మన సంఘాల్లో ఎన్నో ఉన్నాయి. అక్కడ మెదడు శస్త్రచికిత్సకు పునాది వేసిన డాక్టర్ జేకబ్ చాందీ గారిని గూర్చి మన పిల్లలు తెలుసుకోవాలి.

ఆయన 1910లో కేరళలో భక్తిగల క్రైస్తవ కుటుంబంలో జన్మించారు. మద్రాసు మెడికల్ కాలేజీలో చదివి, బహ్రెయిన్ మిషన్ ఆసుపత్రిలో సేవ చేశారు. మెదడు, నరాల శస్త్రచికిత్స నేర్చుకొమ్మని ఆయనను ప్రోత్సహించినది అక్కడి మిషనరీ వైద్యులు పాల్ హారిసన్ గారు. ఆ మాట విని అమెరికా వెళ్ళారు. తరువాత కెనడాలోని మాంట్రియల్‌లో, మూర్ఛకు శస్త్రచికిత్స చేయుటలో ప్రపంచ ప్రసిద్ధులైన వైల్డర్ పెన్‌ఫీల్డ్ గారి వద్ద శిక్షణ పొందారు.

అంత విద్య నేర్చినవారు విదేశాల్లోనే స్థిరపడలేదు. తిరిగివచ్చి 1949లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో మన దేశపు మొదటి నాడీ శస్త్రచికిత్స విభాగాన్ని ప్రారంభించారు. అప్పటికి ఇప్పటి స్కానింగులు లేవు. రోగి కాలుచేతుల కదలిక, చూపు, మాట పరీక్షించి, ఎక్స్‌రేలు చూసి, గడ్డ ఎక్కడున్నదో నిర్ణయించవలసి వచ్చేది. 1951లో మరి ముగ్గురితో కలిసి భారత నాడీ వైద్యుల సంఘాన్ని స్థాపించారు. 1952లో మందులకు లొంగని మూర్ఛతో బాధపడుతున్న ఒక యువకునికి శస్త్రచికిత్స చేశారు. మూర్ఛకు అటువంటి చికిత్స మన దేశంలో అదే మొదటిది. పదేళ్ళు తిరగక ముందే యువ వైద్యులకు ఈ విద్యలో శిక్షణ కూడా మొదలుపెట్టారు. 1964లో పద్మభూషణ్ పొందారు. 1970లో పదవీ విరమణ చేసి, 2007లో 97 ఏళ్ళ వయస్సులో ప్రభువునందు నిద్రించారు.

ఈ జీవితం మనకు ఏమి నేర్పుతున్నది? నేటికీ మన ఇళ్ళలో మూర్ఛను గాలి సోకిందంటారు. ఫిట్స్ వస్తే చేతిలో తాళంచెవులు పెడతారు. ఆడపిల్లకు పెళ్ళి కాదని దాచిపెట్టి, పెళ్ళయ్యాక భయంతో మందులు మాన్పించేవారూ ఉన్నారు. ఆ దాపరికమే ప్రాణం మీదికి తెస్తుంది. మూర్ఛ మెదడుకు వచ్చే జబ్బు. సరైన మందులు క్రమంగా వాడితే నూటికి 70 మందికి ఫిట్స్ రాకుండా ఆగుతాయి. మందులకు తగ్గనివారిలో కొందరికి శస్త్రచికిత్స ఉన్నది. ఫిట్స్ వచ్చినప్పుడు నోట్లో ఏమీ పెట్టక, పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. అయిదు నిమిషాలు దాటితే వెంటనే ఆసుపత్రికి చేర్చాలి.

మార్కు సువార్త 9వ అధ్యాయములోని తండ్రి నేల మీద పడి కొట్టుకొనే కుమారుణ్ణి దాచలేదు, అందరి ఎదుట ప్రభువు నొద్దకు తెచ్చాడు. మనమూ మన బిడ్డలను దాచక, ప్రార్థనతో వైద్యుని వద్దకు తీసుకొని వెళ్దాము. ప్రభువు మనకు అట్టి ధైర్యము దయచేయును గాక. ఆమేన్.