చెరువులు తెగిన లెక్క – మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు



పోయిన వానాకాలం మా ఊరి చెరువు తెగింది. తెల్లారేసరికి గండి పడి మా నాన్న వేసిన నారంతా ఇసుక కింద పోయింది. గట్టి కట్ట ఎందుకు తెగింది సార్ అని లెక్కల సారుని అడిగితే విశ్వేశ్వరయ్య గారి గురించి చదవమన్నారు. చదివింది రాస్తున్నాను.

ఆయన 1861లో మైసూరు సంస్థానంలోని ముద్దేనహళ్ళిలో జన్మించారు. పూర్వీకులది మన గిద్దలూరు దగ్గరి మోక్షగుండం, అందుకే ఆ ఇంటిపేరు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. బెంగుళూరులో పిల్లలకు ట్యూషన్లు చెప్పుకుంటూ చదివారు. పూనాలో ఇంజనీరింగు పూర్తిచేసి 1884లో బొంబాయి ప్రభుత్వంలో చేరారు. నీళ్ళు ఒక మట్టం దాటితే వాటంతట అవే తెరుచుకునే గేట్లు ఆయన తయారుచేసినవే. 1903లో ఖడక్‌వాస్లా ఆనకట్టకు పెట్టించారు.

ఇక అసలు సంగతి. 1908 సెప్టెంబరు 28న హైదరాబాదులో మూసీ పొంగింది. సుమారు 15 వేలమంది చనిపోయారని చెబుతారు. అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టెక్కి 150 మంది బతికారట. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. మరుసటి ఏడు నిజాం ప్రభుత్వం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించింది.

నేనైతే నది పక్కన గోడ కట్టమని చెప్పేవాణ్ణి. ఆయన మాత్రం నదికి పైన ఎన్ని చెరువులున్నాయో లెక్క తీశారు. 788 ఉన్నాయి, వాటిలో 221 తెగిపోయాయి. కింది చెరువు కట్టను దాని వాననీటికే కడతారు కదా, పై చెరువు తెగి ఒక్కసారిగా మీద పడితే ఎట్లా ఆగుతుంది? అది తెగితే దాని కిందిది. ఇట్లా నీళ్ళన్నీ కలిసి పట్నం మీద పడ్డాయన్నమాట. ఇది చదివి మా తాతను అడిగాను. ఆ రాత్రి మా చెరువు కంటే ముందు పై ఊరి చెరువే తెగిందట!

పట్నానికి పైన రెండు పెద్ద జలాశయాలు కట్టి, వరదను అక్కడే ఆపి, నది మోయగలిగినంతే వదలాలని ఆయన చెప్పారు. అట్లా 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. ఇందులో ఒక చిక్కుంది. తాగునీటికి జలాశయం నిండుగా ఉండాలి, వరదకేమో ఖాళీ ఉండాలి. అందుకని పైన కొంత జాగా వరద కోసమే వదిలిపెట్టాలి.

తర్వాత మైసూరు వెళ్ళి కృష్ణరాజసాగర్ కట్టించారు, 1912లో దివాను అయ్యారు. 1918లో ఆ పదవి వదిలేశారు. వెనుకబడిన కులాలకు ఉద్యోగాల్లో వాటా ఇవ్వాలని మహారాజు తలపెట్టారు, ఆయనకది నచ్చలేదు. ప్రతిభ తగ్గుతుందని ఆయన భయం. ఇది చదివి నాకు బాధ కలిగింది. మా ఇంట్లో బడికొచ్చిన మొదటివాణ్ణి నేనే, అదీ ఈ హాస్టల్లో సీటు దొరికింది కాబట్టి. చెరువుల విషయంలో పైనుంచి కిందిదాకా చూసిన మనిషి ఇక్కడ అట్లా చూడలేదని నా అభిప్రాయం. పదవి మాత్రం పట్టుకుని కూర్చోలేదు, అది ఒప్పుకోవాలి.

1955లో భారతరత్న వచ్చింది. 1962లో, నూరేళ్ళు దాటాక పోయారు.

సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయినప్పుడు పై ఊరి చెరువు అలుగు ఎంత వెడల్పుందో తాడుతో కొలిచి వస్తాను. తాత కూడా వస్తానన్నాడు.

– 9వ తరగతి విద్యార్థి