స్వామి జ్ఞానానంద

సన్న్యాసి యనగా లోకమును విడిచినవాడని మన యెఱుక. లోకము దేనితో నిర్మితమైనదో కొలిచి చూడవలెనని ప్రయోగశాలలో ప్రవేశించిన సన్న్యాసి యొకరు తెలుగువారిలో నుండిరి. వారే స్వామి జ్ఞానానంద.

నేటి పశ్చిమ గోదావరి జిల్లాలో భీమవరము చెంతనున్న గొరగనమూడి గ్రామమున 1896లో వారు జన్మించిరి. పూర్వనామము భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు. యౌవనమున ఇల్లు విడిచి హిమాలయములందు యోగసాధన చేసిరి. పిదప జర్మనీకేగి యోగవిద్యను బోధించుచుండగా, డ్రెస్డెను నగరమున వారి చూపు భౌతికశాస్త్రమువైపు మరలెను. ప్రాగు నగరమందలి చార్లెస్ విశ్వవిద్యాలయమున ఎక్స్ కిరణములపై పరిశోధించి డాక్టరు పట్టమందిరి. నలువది యేండ్ల వయస్సున ఇంగ్లండునకేగి, న్యూట్రానును కనుగొనిన చాడ్విక్ పండితునికడ మఱల శిష్యులైరి.

ఆ దినములలోనే, 1938 డిసెంబరున, స్వీడను దేశమున లీసా మైట్నర్ అను విదుషీమణి తన సోదరి కుమారుడగు ఫ్రిష్‌తో కూడి, యురేనియము పరమాణువు చీలినపుడు వెలువడు శక్తిని కాగితముపై గణించెను. ఆ లెక్క మనకు అందనిది కాదు. చీలిన ముక్కలనన్నిటిని కూర్చి తూచినచో, మొదటి తూకమున వేయింట ఇంచుమించు ఒక పాలు తఱుగును. అంగడిలోనైనచో దానిని త్రాసు దోషమని విడిచివేయుదుము! ఐన్‌స్టీన్ సూత్రము ననుసరించి ఆ తఱిగిన పదార్థమే శక్తి. కాంతివేగమును కాంతివేగముతో గుణించి, వచ్చినదానితో తఱుగును గుణింపవలెను. ఒక కిలోగ్రాము యురేనియము-235 పూర్తిగా చీలినచో తఱుగు ఒక గ్రామునకు లోపే. వెలువడు వేడిమియో, రెండు కోట్ల కరెంటు యూనిట్లకు మించును. సుమారు మూడు వేల టన్నుల మేలైన బొగ్గు మండినంత. సూర్యునియందు నాలుగు హైడ్రోజను పరమాణువులు కూడి హీలియమగునపుడు తఱుగు ఇంకను హెచ్చు, కిలోకు ఏడు గ్రాములు.

ఇంత స్వల్పమగు తఱుగును నమ్మవలెనన్న కొలత మిక్కిలి సూక్ష్మమై యుండవలెను. స్వామి చేపట్టినది అట్టి కొలతయే. పరమాణుగర్భమునుండి వెడలు బీటా కణములను అయస్కాంతముచే వంచి, ఆ వంపును బట్టి వాని శక్తిని నిర్ణయించుచుండిరి. గాలి యున్నచో కణము దారి తప్పును గావున, పాత్రలోని గాలిని దాదాపు పూర్తిగా తోడివేయు విద్యయు నేర్చిరి. ఆ విద్యపై వారు రచించిన ఇంగ్లీషు గ్రంథము 1947లో అమెరికాలో ప్రకటితమయ్యెను. వారి యోగమునుగూర్చి వినినవారిలో ఈ గ్రంథము నెఱిగినవారు అరుదు.

మిచిగన్ విశ్వవిద్యాలయమున కొంతకాలము పరిశోధించి, స్వదేశము చేరి, ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో పనిచేసిరి. 1954లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఉపాధ్యక్షులు వాసిరెడ్డి శ్రీకృష్ణగారు ఆహ్వానింపగా విశాఖపట్టణము వచ్చిరి. ఆశ్రమమున విశ్రమింపదగిన వయస్సున, యంత్రములు సమకూర్చుట మొదలు విద్యార్థులకు కొలతలు నేర్పుటవఱకు అన్నియు తామే చూచుకొనవలసి వచ్చెను. 1956లో అణుభౌతికశాస్త్ర శాఖ ఏర్పడగా దానికి ప్రథమాధ్యక్షులై 1965 వఱకు నడపిరి. 1969లో పరమపదించిరి. అచటి అణు పరిశోధనశాలలు వారి పేరిట నున్నవి.